నేను చెప్పని పాఠాలకు నా సంతకాలు

పోయిన ఏడాది ఢిల్లీలో నేను చదివిన మెడికల్ కాలేజీవాళ్లు కొత్త బ్యాచ్ పిల్లల స్వాగత సభకు నన్ను పిలిచారు. ఒక కుర్ర లెక్చరర్ మైకు అందుకుని, మన కాలేజీలో సీనియర్లు జూనియర్లను కూర్చోబెట్టి చదువు చెప్పే పద్ధతి ఉందంటే అది ఈయన పుణ్యమే అని నా వైపు చెయ్యి చూపించాడు. హాలంతా చప్పట్లు. నేను లేచి దణ్ణం పెట్టి కూర్చున్నాను. కూర్చున్నాక కాలు ఆడించడం మొదలుపెట్టాను. పక్క కుర్చీలో ఉన్నావిడ నా మోకాలి వైపు రెండుసార్లు చూసింది. అయినా ఆపలేకపోయాను.

ఆ మాట నేను వినడం అది మొదటిసారి కాదు. ఇరవై ఏళ్లకు దగ్గరగా వింటున్నాను. సభ అయ్యాక టీ దగ్గర, కాలేజీ సావనీర్‌కు ఒక వ్యాసం రాసిమ్మన్నారు. సీనియర్లు జూనియర్లకు చదువు చెప్పడం వల్ల కలిగే లాభాలు, రెండు పేజీలు చాలు అన్నారు. సరేనన్నాను. నోయిడాలో మా ఫ్లాటుకు వచ్చి ఆ వారమే మొదలుపెట్టాను. లాభాలు నాకు బాగా తెలుసు. ప్రొఫెసరును అడగలేని ప్రశ్న సీనియర్ని అడగొచ్చు. చెప్పేవాడికి తనకు వచ్చిందనుకున్నది ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. ఇంటికి దూరంగా వచ్చిన పిల్లవాడికి ఫెయిలవడం కంటే ఒంటరిగా ఫెయిలవడం పెద్ద భయం, ఆ భయం తగ్గుతుంది. ఒకటిన్నర పేజీ రాసి లేచాను. బాల్కనీలో నాలుగు చుట్లు తిరిగాను. మళ్లీ కూర్చుని ఇంకోలా మొదలుపెట్టాను. అలా నాలుగుసార్లు. రాసినవన్నీ నిజాలే. వాటి కింద నా పేరు ఉండటమే నిజం కాదు.

ఆ పద్ధతి నడిపింది నేను కాదు. నడిపిన అమ్మాయి డాక్టరు కాలేదు. ఆమెను పరీక్షకు కూర్చోనివ్వాలా వద్దా అన్నది ఒక మధ్యాహ్నం నేను చెప్పే ఒక్క జవాబు మీద ఆగింది. ఆ జవాబు నేను అబద్ధం చెప్పాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరి పేర్లూ రాయను, కాలేజీ పేరు కూడా.

మా కాలేజీలో రోల్ నంబరు ఆచారం అని ఒకటి ఉండేది. నువ్వు రెండో ఏడాదిలోకి వచ్చేసరికి, నీ నంబరే వచ్చిన మొదటి ఏడాది కుర్రవాడు నీవాడు. వాణ్ణి మొదటి రోజు క్యాంటీన్‌కు తీసుకెళ్లి టీ తాగించాలి, పాత పుస్తకాలివ్వాలి, ముఖ్యంగా ఎముకల పెట్టె అప్పగించాలి. అనాటమీ చదవాలంటే నిజం ఎముకలు చేతిలో ఉండాలి. అవి బజారులో దొరికే వస్తువులు కావు, సీనియర్ నుంచి జూనియర్‌కు చేతులు మారుతూ వస్తాయి. నాకొచ్చినవి ఒక రేకు పెట్టెలో ఉండేవి. ఎన్నో బ్యాచ్‌ల చేతులు తగిలి ఆ ఎముకలు పాత హార్మోనియం మెట్లలా పసుపు తిరిగాయి.

ఇది రెండువేల సంవత్సరం దాటాక నాలుగైదేళ్లకు. అంతకు ముందు ఏడాది అనాటమీలో చాలామంది ఫెయిలయ్యారు. దాంతో అనాటమీ హెడ్ మేడమ్ ఈ ఆచారానికి ఒక నోట్‌బుక్ తగిలించారు. ప్రతి సీనియర్ తన రోల్ నంబరు జూనియర్‌తో వారానికి రెండు గంటలు కూర్చోవాలి. ఏ ఎముక చెప్పాడో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. రెండు నెలలకోసారి ఆమె చూస్తారు.

నాకు వచ్చిన జూనియర్‌ది శ్రీకాకుళం జిల్లా. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో ఇంగ్లీషు పుస్తకాలు మొత్తం బట్టీ పట్టి, దేశమంతటికీ కలిపి పెట్టే పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుని వచ్చాడు. నేను గుంటూరువాణ్ణని తెలియగానే మొహం వెలిగిపోయింది. హాస్టల్ వరండాలో నా రూమ్మేట్ల ముందే “అన్నా” అని పిలిచాడు. ఇక్కడ సర్ అనాలని తెలుగులో నెమ్మదిగా చెప్పాను. ఢిల్లీ వచ్చిన ఏడాదిలో నా ఇంగ్లీషు మీద, హిందీ మీద చాలా కష్టపడి ఒక పూత వేసుకున్నాను. వాడు నోరు తెరిస్తే ఆ పూత గీరుకుపోతుందని నా భయం.

మొదటి వారం తొడ ఎముక చేతికిచ్చి, దీని గురించి ఇంగ్లీషులో చెప్పు అన్నాను. వాడు దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మా రూమ్మేట్లలో ఒకడు మంచం మీంచి లేచి ఆ నిలబడటాన్ని అనుకరించి చూపించాడు. నేను నవ్వాను. రెండో వారం వాడొస్తే నాకు టెస్టు ఉందన్నాను. మూడో వారం వాడు రాలేదు. నేను నోట్‌బుక్‌లో మూడు వారాలకూ సంతకాలు పెట్టాను. తర్వాత వారం కూడా పెట్టాను. పెడుతూ పోయాను. తొడ ఎముక, భుజం ఎముక, దండచెయ్యి, ముంజేయి. నా రాత అందంగా ఉంటుంది. ఆ పేజీలు చూస్తే చాలా పద్ధతైన సీనియర్ అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి గురించి. మా బ్యాచే. ఢిల్లీలో పుట్టి పెరిగింది. వాళ్లమ్మ గోదావరి జిల్లా నుంచి నర్సుగా వచ్చి ఇక్కడే వేరే ఆస్పత్రిలో పనిచేసేది. తండ్రి లేడు. ఇంట్లో తల్లి తెలుగులో మాట్లాడితే కూతురు హిందీలో జవాబిచ్చేది. తెలుగు అంతా అర్థమవుతుంది, నోటికి రాదు. చదవడం, రాయడం అసలే తెలియదు. మొదటి ఏడాది అనాటమీ రాతపరీక్ష బాగానే రాసింది కాని, నోటితో జవాబులు చెప్పే వైవాలో పోయింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ కాలర్ బోన్ చేతిలో పెట్టి ఇది కుడిదా ఎడమదా అని అడిగాడట. చెప్పలేక మూగబోయిందట. ఆర్నెల్లకు పెట్టిన సప్లిమెంటరీలోనూ అదే జరిగింది. అలా వెనకపడి, అనాటమీ కోసం జూనియర్లతో కలిసి కూర్చునేది. మేం అలాంటివాళ్లను రిపీటర్లు అనేవాళ్లం. ఎవరూ చెప్పకుండానే వాళ్లు మెస్‌లో వేరే బల్ల దగ్గర తినేవాళ్లు. కాలేజీ నిబంధన ప్రకారం రాబోయే పరీక్ష ఆమెకు ఆఖరు అవకాశం. అది పోతే మెడిసిన్ వదిలి వెళ్లిపోవాలి.

ఆ ఏడాదే వాళ్లమ్మ మునిర్కాలో తాము అద్దెకుండే ఇంటి మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. రెండు నెలలు మంచం. చూసుకోవడానికి ఇంకెవరూ లేరు. కూతురు క్లాసులు ఎగ్గొట్టి ఇంట్లో ఉండిపోయింది. హాజరు డెబ్బై అయిదు శాతం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఆమెకు తగ్గింది.

మా జూనియర్ ఆమెకు ఎలా దొరికాడో నాకు చాలా కాలం తెలియదు, తర్వాత వాడే చెప్పాడు. డిసెక్షన్ హాల్లో ఇద్దరిదీ ఒకే టేబుల్, ఆమె అప్పుడప్పుడు ఒక పూట వచ్చిపోయేది. వాడు శవం చేతి మీద నరాలు చూస్తూ, ఇది ఇక్కడ మొదలై దీని కిందుగా పోయి అటు తిరిగింది అని తనలో తాను తెలుగులో గొణుక్కుంటున్నాడు. ఎదురుగా నిలబడ్డ ఆమె తల ఎత్తకుండానే, కింద నుంచి కాదు, పైనుంచి అని హిందీలో దిద్దింది. వాడు అదిరిపడ్డాడట. ఆ ఆదివారం నుంచి వాడు ఎముకల పెట్టె మోసుకుని మునిర్కా వెళ్లడం మొదలుపెట్టాడు. అప్పుడప్పుడు ఇంకో ఇద్దరు జూనియర్లు కూడా వెంట వెళ్లేవాళ్లు.

నేను అక్కడికి ఒక్కసారే వెళ్లాను. నోట్‌బుక్ కోసం. వాడి సంతకాలు ఎనిమిది వారాలవి బాకీ ఉన్నాయి, మర్నాడు మేడమ్ చూస్తారు. హాస్టల్లో అడిగితే ఆదివారం కదా, మునిర్కాలో ఉంటాడు అన్నారు. చిరాకుపడుతూ బస్సెక్కాను.

రెండో అంతస్తు. మెట్ల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న ఇంటి యజమానురాలు, మీరు కూడా గిన్నెలు తెచ్చారా భయ్యా అని అడిగింది. అర్థం కాక తల ఊపాను. లోపలికి వెళ్లాక అమ్మగారు నవ్వుతూ చెప్పింది. పెట్టెలో ఏముందని ఆవిడ అడిగితే, మా అమ్మాయి వంట గిన్నెలని చెప్పిందట. మనిషి ఎముకలని తెలిస్తే ఆ సాయంత్రమే ఇల్లు ఖాళీ చేయిస్తుంది.

“ముప్పయ్యేళ్లు ఆస్పత్రిలో చేశాను బాబూ. బతికున్నవాళ్లతోనే భయం నాకు, వీటితో ఏముంది” అంది ఆవిడ. కట్టుకాలు దిండు మీద పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. చర్చికి వెళ్లలేకపోయినందుకు ఒడిలో బైబిల్ తెరిచి పెట్టుకుంది. అన్నం తిన్నావా అని అడిగింది. తిన్నానంటే నమ్మలేదు.

మా జూనియర్ నేల మీద కూర్చుని ఉన్నాడు. వాడి ఒడిలో ఒక దిండు గలీబు, రెండు చేతులూ అందులో ఉన్నాయి. కళ్లు మూసుకున్నాడు. ఆ అమ్మాయి ఎదురుగా మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. నన్ను చూసి కూర్చోమని చెయ్యి ఊపి మళ్లీ వాడి వైపు తిరిగింది.

“కితాబ్ ఛోడ్. హాథ్ మే క్యా లగ్ రహా హై, వో బోల్” అంది. పుస్తకం వదిలెయ్, చేతికి ఏం తగులుతోందో అది చెప్పు.

“ఒక కొస బల్లపరుపుగా ఉందక్కా. రెండో కొస గుండ్రంగా, లావుగా ఉంది.”

“ఫిర్?” ఇంకా?

“వంకర తిరిగింది. కింద పక్క గాడిలాగ తగుల్తోంది.”

గాడి కింద ఉండాలి, బల్లపరుపు కొస భుజం వైపు ఉండాలి అని హిందీలోనే చెప్పింది. “అప్నే ఊపర్ రఖ్.” నీ మీదే పెట్టుకుని చూడు.

వాడు గలీబులోంచి ఎముక తీసి, కళ్లు మూసుకునే, తన మెడ కింద ఆనించుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. “కుడిది” అన్నాడు. తర్వాత అదంతా వాడు ఇంగ్లీషులో చెప్పాలి. చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, మధ్యలో ఆగుతూ, కాని చెప్పాడు. అది కాలర్ బోన్ అని నాకు అప్పుడు తట్టింది. ఆమె రెండుసార్లు ఫెయిలైన ఎముక. తను ఎక్కడ ఆగిపోయిందో అక్కడికే వాణ్ణి తీసుకెళ్లి నిలబెట్టి, అవతలికి దాటిస్తోంది. వాడితో పాటు తనూ దాటుతోంది. ఇవి ఇప్పుడు నేను అనుకునే మాటలు. అప్పుడు నాకు అనిపించింది వేరు. ఈ పని నాకెందుకు తోచలేదని ఒక మంట, ఇక్కణ్ణుంచి త్వరగా బయటపడాలని ఒక తొందర.

ఇంకో పాఠం కూడా చూశాను. వైవాలో తెలియని ప్రశ్న వస్తే నాకు తెలియదు అని వణకకుండా చెప్పడం ఆమె వాడికి నేర్పుతోంది. తెలియదు అన్న వెంటనే తెలిసినది ఒకటి జత చెయ్యాలి. ఆ నరం తెలియదు సర్, కాని దాని పక్కన ఉన్న రక్తనాళం ఇది. ఈ రెండు వాక్యాలూ వాడితో ఇరవైసార్లు అనిపించింది. అమ్మగారు మంచం మీంచి ఎగ్జామినర్ గొంతు పెట్టి గద్దించేది. వాడు నవ్వాపుకుంటూ జవాబు చెప్పేవాడు.

నేను నోట్‌బుక్ తీసి వాడి ముందు పెట్టాను. వాడు చూశాడు. తేదీలు, ఎముకల పేర్లు, నా సంతకాలు. పెన్ను తీసుకుని ఎనిమిది చోట్ల సంతకాలు పెట్టాడు. ఆ అమ్మాయి కూడా చూసింది. చూసి, “అచ్ఛా, తో యే సబ్ తూనే పఢాయా” అంది. ఇవన్నీ నువ్వు చెప్పావన్నమాట. ఎగతాళిగానే అంది, కోపంగా కాదు. అమ్మగారు పళ్లెంలో అన్నం, పప్పు పెట్టించి బలవంతంగా తినిపించింది. తిని వచ్చేశాను.

పరీక్షలకు రెండు వారాల ముందు హాజరు తక్కువైనవాళ్ల జాబితా అంటించారు. అందులో ఆమె పేరుంది. హెడ్ మేడమ్‌కు కొంతవరకు మన్నించే అధికారం ఉండేది, తగిన కారణం చూపిస్తే. ఆ అమ్మాయి దరఖాస్తులో తల్లి కాలు సంగతి రాసి, దాంతోపాటు ఇంకో మాట రాసింది. తను ఆ రెండు నెలలూ ఖాళీగా లేదనీ, ప్రతి వారం జూనియర్లకు అనాటమీ చెబుతూనే ఉందనీ, కావాలంటే వాళ్లను అడగమనీ. మొదటి పేరు మా జూనియర్‌ది.

మేడమ్ నన్ను పిలిపించారు. మధ్యాహ్నం, లంచ్ అయ్యాక. ఆమె బల్ల మీద ఒక పక్క ఆ దరఖాస్తు, ఇంకో పక్క నా నోట్‌బుక్. ఆమె మంచి మనిషే. నిజం తెలుసుకోవాలనే పిలిచారు. ఈ అమ్మాయి నీ జూనియర్‌కు తనే చెప్పానంటోంది, ఇక్కడేమో ప్రతి వారం నీ సంతకం ఉంది, రెండూ ఎలా నిజమవుతాయి అని అడిగారు. ఆమె చెప్పింది నిజమైతే ఆ గంటలు డిపార్ట్‌మెంట్ పనిగా లెక్కవేసి పరీక్షకు పంపించొచ్చు అని కూడా అన్నారు. అంటే దేని మీద ఏం ఆధారపడి ఉందో నాకు పూర్తిగా తెలుసు. తెలియక చెప్పానని ఎవరూ అనుకోకండి.

“ఆ అబ్బాయికి ఎముకలు చెప్పింది ఎవరు?”

“నేనే మేడమ్.”

“ఆ అమ్మాయి ఏమీ చెప్పలేదా?”

“లేదు మేడమ్.”

మేడమ్ దరఖాస్తు మడిచి డ్రాయరులో పెట్టేశారు. మొత్తం రెండు నిమిషాలు పట్టిందేమో. బయట ఇంకో ఇద్దరు సీనియర్లు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. మిగతా ఇద్దరు జూనియర్ల రోల్ నంబరు వాళ్లు. వాళ్ల నోట్‌బుక్కులు కూడా నాలాంటివే. నేనేం చెప్పానో వాళ్లకు చెప్పాను. వాళ్లూ అదే చెప్పారు.

తర్వాత వాళ్లమ్మ చేతికర్ర పట్టుకుని మూడంతస్తులు ఎక్కి మేడమ్ దగ్గరికి వచ్చిందని విన్నాను. నా కళ్లారా చూశానమ్మా, నా మంచం పక్కనే చెప్పింది అని వేడుకుందట. ఏ తల్లయినా అలాగే అంటుంది, సంతకాలు వేరే చెబుతున్నాయి అన్నారట మేడమ్. ఆ రోజు నేను వార్డులో ఉన్నాను. కిందికి దిగి రెండు బ్లాకులు నడిస్తే చాలు. నడవలేదు.

ఆమె పరీక్ష రాయలేదు. మా జూనియర్ రాశాడు. వైవాలో వాడు ఎముక చేతికి రాగానే కళ్లు మూసుకుని తడిమి చెప్పడం మొదలుపెట్టాడట. బయటి ఎగ్జామినర్ ముచ్చటపడి, ఇది ఎవరు నేర్పారు అని మేడమ్‌ను అడిగాడట. మేడమ్ నా పేరు చెప్పారు. వారం తిరక్కముందే నన్ను పిలిచి, ఈ పద్ధతిని కాలేజీ మొత్తానికి పెడదాం, నిబంధనలు నువ్వే రాసివ్వు అన్నారు.

రాసిచ్చాను. అందులో మూడోది ఇది: మొదటి ప్రయత్నంలోనే అన్ని సబ్జెక్టులూ పాసైనవారు మాత్రమే జూనియర్లకు చెప్పడానికి అర్హులు. ఎందుకు రాశానో నాకు తెలుసు. అది కాగితం మీదికి ఎక్కితే, ఆ అమ్మాయి చెప్పలేదన్న నా మాట అబద్ధం కాకుండా పోతుంది, ఆమె చెప్పడానికి వీల్లేని మనిషి అయిపోతుంది. ఎవరూ ఆ నిబంధనను ప్రశ్నించలేదు. చదవడానికి బాగుంటుంది కదా. సర్టిఫికెట్ ఇచ్చారు. పీజీ ఇంటర్వ్యూలో దాని గురించే పది నిమిషాలు అడిగారు.

మా జూనియర్ ఆ తర్వాత నన్ను అన్నా అని ఎప్పుడూ పిలవలేదు. వరండాలో ఎదురైతే గుడ్ మార్నింగ్ సర్ అనేవాడు.

సావనీర్ వ్యాసం నాలుగోసారి చించేశాక వాడికి ఫోన్ చేశాను. విశాఖపట్నంలో సర్జన్‌గా ఉన్నాడు. ఏళ్ల తర్వాత మాట్లాడుతున్నా పెద్దగా ఆశ్చర్యపోలేదు. నేను తడబడుతూ మేడమ్ గదిలో అన్న మాట చెప్పబోతే మధ్యలోనే ఆపాడు.

“నాకు తెలుసు సర్. ఆ రోజు మేడమ్ నన్ను కూడా పిలిచారు కదా. తలుపు బయట బల్ల మీదే కూర్చున్నాను. మీరు బయటికొచ్చి, నీతో పని లేదట, పో అన్నారు.”

నేను అలా అన్న సంగతి మర్చిపోయాను. మేడమ్ ఆ మాట అనలేదు. వాణ్ణి లోపలికి పంపమనే చెప్పి ఉంటారు. ఫోన్ పట్టుకుని వంటగదికీ హాలుకూ మధ్య తిరుగుతూ ఉండిపోయాను.

“మీరు పొమ్మన్నా నేను లోపలికి పోవలసింది” అన్నాడు వాడు. “ఆ నోట్‌బుక్‌లో నా సంతకాలు కూడా ఉన్నాయి. వెళ్తే నన్ను కూడా పరీక్షకి ఆపేస్తారేమోనని భయమేసింది. ఆ సంగతి అక్కకి తర్వాత చెప్పాను. మీరు చెప్పారా?”

ఆమె నంబరు వాడే ఇచ్చాడు. ఫిజియోథెరపీ చదివి, ఇందిరాపురంలో ఒక క్లినిక్ నడుపుతోంది. మా ఇంటికి కారులో ఇరవై నిమిషాలు. పదమూడేళ్లుగా నేను నోయిడాలోనే ఉన్నాను. నా పేషెంట్లు ఎంతమంది ఆమె దగ్గరికి వెళ్లి ఉంటారో.

రెండుసార్లు కారు తీసి, సగం దూరం పోయి వెనక్కి వచ్చాను. మూడోసారి వెళ్లాను. ఆమె ఒక పెద్దాయన మోకాలును రెండు అరచేతుల మధ్య పట్టుకుని మెల్లగా వంచుతోంది. నన్ను గుర్తుపట్టింది. పని ఆపలేదు. కూర్చోమంది. ఇరవై నిమిషాలు కూర్చున్నాను, కూర్చోలేక గోడ మీద బొమ్మలు చూస్తూ తిరిగాను. ఆయన వెళ్లాక చెప్పాను. ఆమె హిందీలోనే మాట్లాడింది. మేడమ్ గది సంగతి తనకు ఆనాడే తెలుసంది. తనకు తెలియనిది ఏమైనా ఉంటే చెప్పమంది, లేకపోతే ఇంకో పేషెంట్ వచ్చే వేళైందంది.

అప్పుడు మూడో నిబంధన గురించి చెప్పాను. అది ఆమెకు తెలియదు.

“అది ఇంకా ఉందా?”

“ఉంది.”

“రాసింది?”

“నేనే.”

ఆమె తువ్వాలు తీసి మడత పెట్టింది. మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టింది. ఫెయిలైన పిల్లలు ఇన్నేళ్లుగా ఎవరికీ ఏమీ చెప్పకుండా మూల కూర్చుంటున్నారన్నమాట అంది. తన సంగతి అడుగుతుందేమో, తిడుతుందేమో అని చూశాను. ఆమె అడిగింది ఆ పిల్లల గురించే. ఎంతమంది ఉంటారు, వాళ్లకు ఎవరు చెబుతున్నారు. నాకు తెలియదు. ఆ పద్ధతి గురించి ఏటా మాట్లాడతాను కాని, ఒక్క రిపీటర్‌తో మాట్లాడలేదు.

క్షమించమని అడగబోయాను. అది తనను కాదు అంది.

“మమ్మీకో లిఖ్ కే దే. తెలుగు మే.” అమ్మకు రాసివ్వు, తెలుగులో. ఆ రోజు మూడంతస్తులు ఎక్కి వెళ్లి అబద్ధాలకోరు అనిపించుకుని దిగివచ్చింది తను కాదు, అమ్మ అని చెప్పింది. ఆవిడకు ఎనభై దగ్గర పడుతున్నాయి. ఇప్పటికీ తెలుగు చదువుతుంది. చదివి తనకు పైకి వినిపిస్తుందట.

కాబట్టి నేను రెండు కాగితాలు రాశాను. ఒకటి కాలేజీకి, ఇంగ్లీషులో. ఆ పద్ధతికి నా పేరు తీసేయమనీ, మూడో నిబంధన కొట్టేయమనీ, ఎందుకో కూడా రాశాను. మర్యాదగా జవాబొచ్చింది. నిబంధన విషయం కమిటీ ముందు పెడతారట. సావనీర్‌కు మాత్రం కొత్త విద్యార్థులను ప్రోత్సహించేది ఏదైనా పంపమన్నారు. కమిటీ తేదీ కోసం రెండుసార్లు ఫోన్ చేశాను. మళ్లీ చేస్తాను. ఆ రోజు నేనే వెళ్లి చెబుతాను.

రెండోది ఇది, అమ్మగారి కోసం తెలుగులో రాసింది. ఈ ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చాక రెండు గంటలకు రమ్మన్నారు. పొద్దుటి నుంచి దీన్ని దిద్దుతున్నాను. రూమ్మేట్ వెక్కిరించిన చోట ముందు ‘అందరూ నవ్వారు’ అని రాశాను. అది కొట్టేసి ‘నేను నవ్వాను’ అని రాశాను. మునిర్కాలో అన్నం తిన్న సంగతి మొదట వదిలేశాను. ఆవిడకు గుర్తుంటుంది, అందుకని చేర్చాను. మేడమ్ గది దగ్గర ‘ఏమీ మాట్లాడలేకపోయాను’ అని ఉండేది. మాట్లాడాను. రెండుసార్లు మాట్లాడాను. ఆ రెండు మాటలూ అన్నవి అన్నట్టే పెట్టాను, ఆవిడ పైకి చదివేటప్పుడు ఆ అమ్మాయికి నా గొంతులోంచి ఎలా వచ్చాయో అలాగే వినిపించాలి.